కంప్యూటర్ మరమ్మతు పనిలో జేబు కరదీపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

కంప్యూటర్ సర్వీసింగ్ నేర్చుకుంటున్నవారు, కొత్తగా దుకాణం తెరిచినవారు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను, వాటికి నేను చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. టూల్ బ్యాగుతో ఏళ్ల తరబడి తిరిగిన అనుభవం మీద ఏర్పడిన అభిప్రాయాలు కాబట్టి, ఇవి అంకెల విషయంలో కచ్చితంగానూ సలహాల విషయంలో కొంత పక్షపాతంతోనూ ఉంటాయి.

జేబు కరదీపిక అంటే ఎలాంటి పుస్తకం?

చొక్కా జేబులోనో టూల్ బ్యాగు పై అరలోనో పట్టే చిన్న పుస్తకం. ఇందులో పాఠాలు ఉండవు, పట్టికలు ఉంటాయి. ర్యామ్ ఎలా పనిచేస్తుందో వివరించడం పాఠ్యపుస్తకం పని. ల్యాప్‌టాప్‌లో వేసే డీడీఆర్3 తరం ర్యామ్‌కు 204 పిన్నులు, డీడీఆర్4కు 260, డీడీఆర్5కు 262 అని చెప్పడం కరదీపిక పని. మదర్‌బోర్డుతో పాటు కంపెనీ ఇచ్చే మాన్యువల్ ఆ ఒక్క బోర్డు సంగతే చెబుతుంది. కరదీపిక అన్ని బోర్డులకూ ఉమ్మడిగా వర్తించే సంగతులు చెబుతుంది. పంచాంగాన్ని ఎవరూ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవరు, తిథి కావలసినప్పుడు తెరిచి చూస్తారు. దీన్నీ అలాగే వాడుకోవాలి.

ఫోనులో అన్నీ దొరుకుతున్నప్పుడు పుస్తకం ఎందుకు?

న్యాయమైన ప్రశ్నే. ఫోను వద్దని నేను అనను. కొత్త మోడల్ ల్యాప్‌టాప్ ఎలా విప్పాలో తెలుసుకోవాలంటే నేనూ ఫోనులో వీడియోనే చూస్తాను. కానీ పని జరిగే చోట ఫోను పరిస్థితి ఏమిటో ఒకసారి గమనించండి. క్యాబినెట్ లోపల చీకటిగా ఉంటుంది కాబట్టి సగం సందర్భాల్లో ఆ ఫోనే మన టార్చిలైటు. కస్టమర్ ఇంట్లో నెట్ పనిచేయకపోవడమే ఫిర్యాదు అయితే ఆ ఫోనే మన హాట్‌స్పాట్. మెట్ల కింద అరలో పెట్టిన సర్వర్ దగ్గరా, సెల్లార్‌లోని సీసీటీవీ గదిలోనూ సిగ్నల్ అందదు. చేతులకు థర్మల్ పేస్టో, ఫ్యానులోంచి రాలిన దుమ్మో అంటుకుని ఉన్నప్పుడు తెర మీద వేలు పెట్టబుద్ధి కాదు.

ఇవన్నీ సౌకర్యానికి సంబంధించిన మాటలు. అసలు కారణం మరొకటి ఉంది. ఒక కనెక్టర్‌లో ఏ పిన్నులో ఎన్ని వోల్టులు రావాలి అని నెట్‌లో వెతికితే ఒక బొమ్మలో కనెక్టర్‌ను వైర్ల వైపు నుంచి, మరొక బొమ్మలో పిన్నుల వైపు నుంచి చూపిస్తారు; ఏది ఎటు వైపు నుంచి గీసినదో రెండింటిలోనూ రాయరు. అలాంటి బొమ్మను చూసి మీటర్ పెట్టిన మనిషి కుడిని ఎడమ అనుకుంటాడు. కరదీపికలోని బొమ్మను మీరు ఒకసారి సరిచూసుకుని, పదిసార్లు వాడి ఉంటారు కాబట్టి పదకొండోసారి ఆ అనుమానం ఉండదు. పైగా వెతకడానికి ఫోను తీసిన మనిషి వెతికినది దొరకగానే తిరిగి పనిలోకి రాడన్న సంగతి మనందరికీ స్వానుభవమే.

ఒకప్పుడు ఇవి లేనిదే పని జరిగేది కాదంటారు. నిజమేనా?

నిజమే, అందులో అతిశయోక్తి ఏమీ లేదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఎంత మెమరీ ఉందో, ఎన్ని ఫ్లాపీ డ్రైవులు ఉన్నాయో బోర్డు మీది చిన్న స్విచ్చులను అటూ ఇటూ జరిపి చెప్పవలసి వచ్చేది. ఆ తరువాతి యంత్రాలలో హార్డ్ డిస్కును తగిలిస్తే సరిపోయేది కాదు. దాని సిలిండర్లు, హెడ్లు, సెక్టార్లు ఎన్నో సెటప్‌లో మన చేత్తో నింపాలి, లేదా 47 రకాల జాబితాలోంచి సరైన రకాన్ని ఎంచుకోవాలి. డిస్కు మీది లేబుల్ చిరిగిపోయి ఉంటే కరదీపికలో మోడల్ నంబరు వెతకడం తప్ప వేరే దారి ఉండేది కాదు. 1024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు అనే హద్దు వల్ల ఎంత పెద్ద డిస్కు పెట్టినా సుమారు 528 మెగాబైట్ల దగ్గర ఆగిపోయే బయోస్‌లు (యంత్రం ఆన్ కాగానే ముందుగా నడిచే, బోర్డులోని ప్రోగ్రాములు) చాలాకాలం వాడుకలో ఉన్నాయి.

ఇక ఐఆర్‌క్యూల, అంటే ఒక్కో పరికరం ప్రాసెసర్‌ను పిలవడానికి వాడే నంబర్ల, తగాదా వేరు. మొదటి సీరియల్ పోర్టుకు 4, రెండోదానికి 3, ఫ్లాపీకి 6, ప్రింటర్ పోర్టుకు 7 అని ముందే పంపకం జరిగిపోయి ఉండేది. కొత్తగా సౌండ్ కార్డు పెట్టినవాడు 7 ఇచ్చేస్తే ప్రింట్ ఇచ్చినప్పుడల్లా పాట ఆగిపోయేది. 1995లో విండోస్ 95తో పాటు ప్లగ్ అండ్ ప్లే (ఈ నంబర్లు వాటంతటవే సర్దుకునే పద్ధతి) వచ్చాక ఈ బాధ క్రమంగా తగ్గింది. డిస్కుకో కేబుల్ చొప్పున వాడే సాటా డిస్కులు వచ్చాక, ఒకే కేబుల్ మీది రెండు డిస్కుల్లో ఏది మాస్టరో (మొదటిదో) ఏది స్లేవో (రెండోదో) చెప్పే జంపర్లు అనే చిన్న పిన్ను తొడుగులూ పోయాయి. కరదీపికల పని అయిపోయిందన్న మాట అప్పుడే మొదలైంది. నిజానికి అయిపోయింది అందులోని సగం పేజీల పని.

మరి ఈ రోజుల్లో అందులో మొదటి పేజీగా ఏది ఉండాలి?

నా మటుకు ఎస్‌ఎంపీఎస్ పేజీ, అంటే ఇంటి కరెంటును కంప్యూటర్‌కు కావలసిన వోల్టేజీలుగా మార్చే పవర్ సప్లై డబ్బా పేజీ. డెస్క్‌టాప్ అసలు ఆన్ కావడం లేదన్న ఫిర్యాదు వచ్చినప్పుడు, బోర్డును అనుమానించడానికి ముందు కరెంటు సంగతి తేల్చుకోవాలి. 24 పిన్నుల కనెక్టర్‌లో నారింజ వైరు 3.3 వోల్టులు, ఎరుపు 5, పసుపు 12, నలుపు గ్రౌండ్, ఊదా రంగు స్టాండ్‌బై (కంప్యూటర్ ఆపి ఉన్నా వచ్చే) 5 వోల్టులు, ఆకుపచ్చ ఆన్ చేసే వైరు, బూడిద రంగు అంతా సవ్యంగా ఉందని బోర్డుకు చెప్పే పవర్ గుడ్. ధన వోల్టేజీలకు 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చు కాబట్టి 12 వోల్టుల వైరులో 11.4 నుంచి 12.6 వరకు, 5 వోల్టుల వైరులో 4.75 నుంచి 5.25 వరకు ఒప్పు.

ఇంతవరకు చాలామందికి కంఠతా వస్తుంది. అయితే ఇప్పుడు వచ్చే చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో వైర్లన్నీ నలుపు రంగులోనే ఉంటాయి. రంగులు కంఠతా పట్టినవాడు అక్కడ ఆగిపోతాడు. అందుకే పేజీలో రంగుతో పాటు పిన్ను నంబరు కూడా ఉండాలి. పవర్ గుడ్ 8, స్టాండ్‌బై 9, ఆన్ చేసేది 16. పదహారో పిన్ను క్లిప్పు ఉన్న వరుసలో, పదమూడో పిన్ను నుంచి లెక్కపెడితే నాలుగోది. కనెక్టర్‌ను బోర్డు నుంచి ఊడదీసి, దాన్ని పక్కనున్న గ్రౌండ్‌కు పేపర్ క్లిప్పుతో కలిపితే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను తిరగాలి. తిరిగినంత మాత్రాన అది మంచిదని తేలినట్టు కాదు, లోడు పడినప్పుడు కుంగిపోయేవి ఉంటాయి. తిరగకపోతే మాత్రం బోర్డు మీది అనుమానం చాలావరకు తీరుతుంది.

ఆ పేజీలోనే ఎర్ర సిరాతో రాసుకోవలసిన హెచ్చరిక ఒకటి ఉంది. వైర్లు విడిగా ఊడివచ్చే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లలో, బోర్డు వైపు కనెక్టర్లు అందరికీ ఒకటే అయినా, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీని బట్టి మారుతుంది. ఒక కంపెనీ వైరు మరొక కంపెనీ డబ్బాలో చక్కగా దిగుతుంది, దిగిన తరువాత డిస్కును కాల్చేస్తుంది.

మీ కరదీపికలో మీకు బాగా ఖరీదైన పాఠం ఏది?

ఎస్‌ఎంపీఎస్ వెనుక ఉండే చిన్న ఎర్ర స్విచ్చు. నేను పని మొదలుపెట్టిన కొత్తలో ఒక ఇంటివారికి అమెరికాలో ఉన్న వారి అబ్బాయి తన పాత డెస్క్‌టాప్ పంపాడు. ప్లగ్గు ఆకారం వేరుగా ఉంది కాబట్టి నేను పవర్ కార్డు మార్చాను, వెనుక స్విచ్చు 115 వోల్టుల దగ్గర ఉందన్న సంగతి చూడలేదు. సాకెట్ స్విచ్చు వేయగానే టపాకాయ పేలినట్టు చప్పుడు, ఆ వెంటనే కాలిన కెపాసిటర్ వాసన. ఆ స్థితిలో ఎస్‌ఎంపీఎస్ లోపలి సర్క్యూట్ వోల్టేజీని రెట్టింపు చేసుకుంటుంది. మన 230 వోల్టుల సరఫరాలో ఒక్కొక్కటి 200 వోల్టులు తట్టుకునే రెండు కెపాసిటర్ల మీద తలా 300కు పైగా పడుతుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ డబ్బులు నేనే పెట్టుకున్నాను. ఈ కాలపు ఎస్‌ఎంపీఎస్‌లలో చాలావరకు ఆ స్విచ్చు లేదు, ఏ వోల్టేజీ అయినా అవే సర్దుకుంటాయి. అయినా నా పుస్తకంలో మొదటి పేజీలో ఇప్పటికీ ఆ ఒక్క వాక్యం ఉంది: ‘విదేశీ డబ్బా అయితే ముందు వెనక్కి తిప్పి చూడు.’

ర్యామ్, డిస్కుల గురించి ఎంతవరకు రాసుకోవాలి?

పిన్నుల సంఖ్య, వోల్టేజీ, గాటు ఉన్న చోటు. డెస్క్‌టాప్ డీడీఆర్2కూ డీడీఆర్3కూ 240 పిన్నులే, డీడీఆర్4కూ డీడీఆర్5కూ 288 పిన్నులే; గాటు మాత్రం వేరు చోట ఉంటుంది. వోల్టేజీలు వరుసగా 1.8, 1.5, 1.2, 1.1. వీటిలో ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది డీడీఆర్3, డీడీఆర్3ఎల్ తేడా. రెండూ ఒకే స్లాటులో దిగుతాయి, కానీ రెండోది 1.35 వోల్టులతో పనిచేస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లు 1.35 తప్ప ఇవ్వవు, వాటిలో 1.5 వోల్టుల ర్యామ్ పెట్టి, డిస్‌ప్లే రావడం లేదని దాని పిన్నులను రబ్బరుతో గంటసేపు రుద్దినవాళ్లను చూశాను. పుస్తకంలో ఒక్క పంక్తి ఉంటే ఆ రబ్బరు మిగిలేది.

బోర్డులోనే దిగే పట్టీ లాంటి ఎం.2 డిస్కుల మీద కనిపించే 2280 అంటే వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80 మిల్లీమీటర్లు. రెండు గాట్లు ఉన్నది చాలావరకు సాటా రకం, ఒక్క గాటు ఉన్నది చాలావరకు అంతకన్నా వేగమైన ఎన్‌వీఎంఈ రకం. ‘చాలావరకు’ అన్న మాటను కూడా రాసుకోవాలి, ఎందుకంటే స్లాటు దేన్ని ఒప్పుకుంటుందో బోర్డు మాన్యువల్ చూస్తే తప్ప తేలదు. 500 జీబీ డిస్కు విండోస్‌లో 465గా, 1 టీబీ డిస్కు 931గా కనిపిస్తుందన్న లెక్క కూడా ఉండాలి. ఇది మనకోసం కాదు. తనకు తక్కువ సైజు డిస్కు అంటగట్టామని కస్టమర్ అనుమానించినప్పుడు, కంపెనీ వెయ్యేసి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కపెడుతుందని అచ్చులో ఉన్న పట్టిక చూపిస్తే మాట తేలికవుతుంది.

బీప్ కోడ్‌ల పట్టిక ఇంకా పనికొస్తుందా?

ఆన్ చేయగానే యంత్రం తన లోపాన్ని బీప్‌ల లెక్కతో చెప్పే పట్టిక అది, ఇప్పుడు సగమే పనికొస్తుంది. ఏఎంఐ బయోస్‌లో ఎనిమిది బీప్‌లు డిస్‌ప్లే మెమరీ లోపాన్ని, అవార్డ్ బయోస్‌లో ఒక పొడవు, రెండు పొట్టి బీప్‌లు డిస్‌ప్లే కార్డు లోపాన్ని సూచిస్తాయని పాత పట్టికలు చెబుతాయి. ఇప్పటి చాలా బోర్డులతో స్పీకరే రాదు. దాని బదులు సీపీయూ, ర్యామ్, డిస్‌ప్లే, బూట్ అనే నాలుగు చిన్న లైట్లు కొన్ని బోర్డుల మీద ఉంటాయి, ఏది వెలిగి ఆగిపోతే లోపం అక్కడ. ల్యాప్‌టాప్‌లలో క్యాప్స్ లాక్ లైటో ఛార్జింగ్ లైటో మిణుకుమంటూ లెక్క చెబుతుంది గానీ ఆ లెక్క కంపెనీని బట్టే కాక మోడల్‌ను బట్టి కూడా మారుతుంది. అలాంటివి పుస్తకంలో ఎక్కించడం వృథా. వాటికి కంపెనీ వెబ్‌సైటే మేలు. విడి స్పీకరును మాత్రం ఒకటి బ్యాగులో వేసుకోండి.

బ్లూ స్క్రీన్ కోడ్‌లు రాసుకోవాలా?

విండోస్ ఆగిపోయినప్పుడు నీలి తెర మీద చూపే ఈ కోడ్‌లు వందల కొద్దీ ఉంటాయి, అన్నీ అక్కర్లేదు. తరచుగా ఎదురయ్యే ఏడెనిమిదింటిని, వాటి పక్కనే మీ అనుభవంలో అసలు కారణం ఏమని తేలిందో కూడా రాసుకోండి. ఒక ఉదాహరణ చెబుతాను. ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణంలో బిల్లింగ్ కంప్యూటర్ తరచూ ఉదయం పూట 7బి అనే కోడ్ చూపి ఆగిపోయేది. అంటే విండోస్‌కు తాను ఉన్న డిస్కు అందడం లేదని అర్థం. అంతకుముందు ఎవరో రెండుసార్లు ఫార్మాట్ కొట్టారు, డిస్కు కూడా మార్చారు. నేను బయోస్‌లోకి వెళ్లి చూస్తే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది. బోర్డు మీది నాణెం లాంటి సీఆర్ 2032 బ్యాటరీ తీసి మీటర్ పెడితే 3 వోల్టులు ఉండవలసినది 2.4 చూపింది. ఆ దుకాణదారుడు రాత్రి తాళం వేసేముందు మెయిన్ ఆపేసి వెళ్తాడు. రాత్రంతా బయోస్ ఆ ముసలి బ్యాటరీ మీదే బతకాలి. అది నిలవనప్పుడల్లా సెట్టింగులు మొదటికి వచ్చి, సాటా మోడ్ (డిస్కుతో మాట్లాడే పద్ధతి) మారిపోయి, మారిన మోడ్‌లో విండోస్ లేవలేకపోయేది. ఇప్పుడు నా పుస్తకంలో 7బి పక్కన ‘ముందు గడియారం చూడు, తరువాత సాటా మోడ్, ఆ తరువాతే డిస్కు’ అని ఉంది. ఏ అచ్చు పుస్తకంలోనూ ఈ వరుస నాకు ఇలా దొరకలేదు.

నెట్‌వర్క్ పనివారికి ఉపయోగమా?

ఒక్క పేజీ చాలు. నెట్‌వర్క్ కేబుల్ కొనకు వైర్లు అమర్చే టీ568బి వరుస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత దూరుతుందన్న సంగతే అందరూ మరిచేది. 100 మెగాబిట్ లింకుకు 1, 2, 3, 6 వైర్లు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. గిగాబిట్ రావలసిన చోట 100 దగ్గరే ఆగిపోతే మిగతా నాలుగింటిలో ఏదో తెగిందని మొదటి అనుమానం. కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు.

స్క్రూల సంగతి కూడానా?

తప్పకుండా. 3.5 అంగుళాల హార్డ్ డిస్కుకు 6-32 అనే ముతక మరల స్క్రూ, 2.5 అంగుళాల డిస్కుకూ డీవీడీ డ్రైవుకూ ఎం3 అనే సన్న మరల స్క్రూ. ఒకదాని బదులు ఇంకొకటి బలవంతంగా తిప్పితే మరలు పోతాయి. స్క్రూను కాగితం మీద పడుకోబెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసుకుని, పక్కన పేరు రాసుకుంటే అంతకు మించిన పట్టిక లేదు.

కస్టమర్ ఎదుట పుస్తకం తెరిస్తే పని రానివాడని అనుకోరా?

కొందరు అనుకుంటారు, నేనూ ఆ సిగ్గు పడ్డవాణ్ణే. కానీ మందుల షాపులో డబ్బా మీది పేరును చీటీతో రెండుసార్లు పోల్చి చూసేవాణ్ణి ఎవరూ చులకన చేయరు, పోల్చకుండా ఇచ్చేవాణ్ణి చూస్తేనే భయం. మీటర్ పెట్టేముందు పేజీ చూసుకుని, వచ్చిన అంకెను, రావలసిన అంకెను కస్టమర్‌కు పక్కపక్కన చూపించి ‘ఇదిగోనండీ, 12 రావాల్సింది 10.8 వస్తోంది’ అంటే, అప్పటిదాకా బేరమాడుతున్న మనిషి కూడా ఎస్‌ఎంపీఎస్ మార్చడానికి ఒప్పుకుంటాడు.

కొనడం మంచిదా, సొంతంగా రాసుకోవడం మంచిదా?

అచ్చయిన కరదీపిక ఒకటి కొనండి, పాతదైనా పరవాలేదు. హైదరాబాద్ కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో ఓపికగా వెతికితే ఇలాంటివి కనిపిస్తుంటాయి. దాన్ని మాదిరిగా పెట్టుకుని మీది మీరు రాసుకోండి. రాసుకున్న పుస్తకానికి ఒక గుణం ఉంది: మీరు తప్పు చేసిన చోట అక్షరాలు పెద్దవిగా ఉంటాయి.

పేజీలు ఊడదీసి మార్చుకోగలిగే స్పైరల్ పుస్తకం మేలు. పెన్సిల్ కాదు, నీళ్లకు చెదరని సిరా వాడండి. ప్రతి పట్టిక కింద దాన్ని ఎక్కడ సరిచూశారో, ఏ నెలలో సరిచూశారో రాయండి. నెట్ నుంచి దించుకున్నది, మీటర్‌తో స్వయంగా కొలిచినది ఒకేలా కనిపించకూడదు. నేను కొలిచిన వాటి పక్కన చిన్న టిక్కు పెడతాను. ధరలు రాయకండి, సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఉదయం చెప్పిన ర్యామ్ ధర సాయంత్రానికి ఉండదు. డ్రైవర్ల వెర్షన్లూ వద్దు. అన్నిటికన్నా ముఖ్యంగా, కస్టమర్ల పాస్‌వర్డులు ఆ పుస్తకంలో ఎక్కించకండి. బస్సులో పుస్తకం పోతే పోయేది మీ శ్రమ మాత్రమే కావాలి.

తెలుగులో రాసుకోవచ్చా?

రాసుకోవాలనే అంటాను. బోర్డు మీద ముద్రించి ఉన్న పేర్లను ఉన్నవి ఉన్నట్టుగా ఆ అక్షరాల్లోనే రాసుకోండి, ఎందుకంటే కన్ను పోల్చుకోవలసింది వాటితోనే. లక్షణం, అనుమానం, చేయవలసిన వరుస మాత్రం తెలుగులో ఉంటే ఆందోళనలో కూడా ఒక్క చూపులో అర్థమవుతాయి. ‘ఫ్యాను తిరిగి ఆగుతోంది’, ‘ఆన్ అవుతోంది, బొమ్మ లేదు’, ‘వేడెక్కి ఆగుతోంది’ అనేవి కస్టమర్లు చెప్పే మాటలే. పేజీల పేర్లు కూడా అవే అయితే వెతకడం సులువు.

పుస్తకాన్ని నమ్మకూడని సందర్భాలు ఉన్నాయా?

ఉన్నాయి. ల్యాప్‌టాప్ అడాప్టర్లు ఒకటి: 19, 19.5, 20 వోల్టులు ఉన్నవి పక్కపక్కనే ఉంటాయి, పిన్ను సరిపోయినంత మాత్రాన చాలదు, అడుగున ఉన్న లేబుల్ చదవాలి. రెండోది, విప్పిన ఎస్‌ఎంపీఎస్. ప్లగ్గు తీసేశాక కూడా దాని పెద్ద కెపాసిటర్లలో సుమారు 325 వోల్టులు నిలిచి ఉండవచ్చు. ఎన్ని నిమిషాలు ఆగితే చాలో పుస్తకంలో అంకె ఉన్నా దాన్ని నమ్మకండి, మీటర్‌తో కొలవండి. కొలవడం రాకపోతే విప్పకండి. చిప్ లెవెల్ పని చేసేవారికి కూడా ఈ చిన్న పుస్తకం సరిపోదు, వారికి ఆయా బోర్డుల స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) కావాలి.

పాతబడిన కరదీపికను ఏం చేయాలి?

అటక మీద పెట్టండి, పారేయకండి. క్రిందటేడాది ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్ నుంచి పిలుపు వచ్చింది. వారి పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ ప్యారలల్ (ప్రింటర్) పోర్టుకు తగిలించే తాళం, అంటే డాంగిల్, ఉంటేనే నడుస్తుంది కాబట్టి ఆ యంత్రాన్ని మార్చలేక నెట్టుకొస్తున్నారు. ఫైళ్లు కాపీ చేసుకోవడానికి రెండో ఐడీఈ (సాటాకు ముందు రకం) డిస్కు తగిలించేసరికి మొదటిది కూడా కనిపించకుండా పోయింది. వచ్చిన కుర్రవాడు తెలివైనవాడే, కానీ జంపర్ అనేదాన్ని అతను ఎన్నడూ చూడలేదు. రెండు డిస్కులూ మాస్టర్ దగ్గరే ఉన్నాయి. 1990ల నాటి నా పాత పుస్తకం తీసి, రెండింటి జంపర్లనూ కేబుల్ సెలెక్ట్‌కు (కేబుల్ మీది చోటును బట్టి ఏది మాస్టరో తేలే పద్ధతికి) మార్చి, 80 తీగల కేబుల్ పేజీ ప్రకారం నీలం కనెక్టర్ బోర్డుకు, చివరి నల్లది పాత డిస్కుకు, మధ్యలోని బూడిద రంగుది కొత్తదానికి తగిలించాను. 80 తీగల కేబుల్ వచ్చింది ఆ పుస్తకం అచ్చయిన తరువాతే. ఆ పేజీ నేను చేత్తో రాసి అతికించుకున్నది. రెండు డిస్కులూ కనిపించాయి. ఆ పుస్తకానికి అట్ట ఊడి చాలాకాలమైంది, రబ్బరు బ్యాండు వేసి ఉంచాను.